రివాల్వర్ తూటాల రీలోడింగ్: అమెరికాలో కొత్తగా మొదలుపెట్టే తెలుగువారికి తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలో స్థిరపడి, చట్టప్రకారం రివాల్వర్ కొనుక్కుని, వారాంతాల్లో షూటింగ్ రేంజికి వెళ్లే తెలుగువారు కొందరు కొంతకాలానికి తూటాలను తామే తయారు చేసుకోవాలని అనుకుంటారు. అలాంటివారు మొదట్లో అడిగే ప్రశ్నలకు ఇక్కడ సమాధానాలు ఉన్నాయి. ఇందులో చెప్పినవన్నీ .38 స్పెషల్, .357 మాగ్నమ్ రివాల్వర్లను దృష్టిలో పెట్టుకుని చెప్పినవి. సెమీ ఆటోమేటిక్ పిస్టళ్లకు, రైఫిళ్లకు కొన్ని నియమాలు మారతాయి.

రీలోడింగ్ అంటే ఏమిటి? పేల్చేసిన తూటాను మళ్లీ ఎలా వాడతారు?

మనం వాడుకలో తూటా, బుల్లెట్ అనే మాటలను ఒకే అర్థంలో వాడేస్తాం గాని, ఈ పనిలో వాటిని వేరు చేసుకోకపోతే ఒక్క అడుగు కూడా ముందుకు పడదు. పూర్తి తూటాలో నాలుగు భాగాలు ఉంటాయి: ఇత్తడి తొడుగు, దాని అడుగున మధ్యలో కూర్చునే చిన్న ప్రైమర్, లోపల ఉండే పౌడరు, మూతి దగ్గర బిగించిన బుల్లెట్. తుపాకీ సుత్తి దెబ్బకు ప్రైమర్ నిప్పు రవ్వ పుట్టిస్తుంది, దానితో పౌడరు అంటుకుంటుంది, పుట్టిన వాయువులు బుల్లెట్‌ను గొట్టంలోకి నెడతాయి. ఈ నాలుగింటిలో ప్రైమర్, పౌడరు, బుల్లెట్ ఖర్చైపోతాయి. ఇత్తడి తొడుగు ఒక్కటే చేతిలో మిగులుతుంది. ఆ తొడుగును శుభ్రం చేసి, పాత కొలతకు నొక్కి, మిగిలిన మూడింటినీ కొత్తవి అమర్చడమే రీలోడింగ్.

నేను హెచ్-1బీ వీసా మీద ఉన్నాను. నాకు ఇది చట్టబద్ధమేనా?

అన్నిటికంటే ముందు అడగవలసిన ప్రశ్న ఇదే, కాని మనవాళ్లు చివర అడుగుతారు. వలసేతర వీసా మీద అమెరికాలో ఉన్నవారు తుపాకీని గాని తూటాలను గాని దగ్గర ఉంచుకోవడాన్ని ఫెడరల్ చట్టం సాధారణంగా నిషేధిస్తుంది. హెచ్-1బీ, హెచ్-4, ఎల్-1, ఎఫ్-1, తల్లిదండ్రులు చూడటానికి వచ్చే బి-2 అన్నీ వలసేతర వీసాలే. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు చట్టంలో ఉన్నాయి, కాని అవి మీకు వర్తిస్తాయా లేదా అన్నది స్నేహితుల మాట మీద కాక న్యాయవాదిని అడిగి తేల్చుకోవలసిన విషయం.

చాలామందికి తట్టని సంగతి మరొకటి ఉంది. ఆ చట్టం దృష్టిలో ‘అమ్యునిషన్’ అంటే తయారైన తూటా మాత్రమే కాదు. తొడుగులు, ప్రైమర్లు, బుల్లెట్లు, పౌడరు విడివిడిగా ఉన్నా అవీ ఆ నిర్వచనంలోకే వస్తాయి. అందువల్ల ‘తుపాకీ లేదు కదా, సామాను కొని పని నేర్చుకుంటే తప్పేమిటి’ అనే వాదన నిలవదు. ఏళ్ల తరబడి గ్రీన్‌కార్డు కోసం ఎదురుచూస్తున్నవారు ఈ సరదా కోసం ఆ వరుసను పణంగా పెట్టకూడదు. గ్రీన్‌కార్డు ఉన్నవారికి, పౌరులకు, చట్టం విధించిన ఇతర అనర్హతలు ఏవీ లేకపోతే, సొంత వాడకం కోసం తూటాలు తయారు చేసుకోవడానికి ఫెడరల్ లైసెన్సు అవసరం లేదు. రాష్ట్రాల చట్టాలు, ఊళ్ల అగ్నిమాపక నియమాలు మాత్రం ఒక్కోచోట ఒక్కో తీరుగా ఉంటాయి, కనుక మీ రాష్ట్రం సంగతి విడిగా చూసుకోవాలి.

ఇదే పని హైదరాబాద్‌లోనో విజయవాడలోనో లైసెన్సు ఉన్న రివాల్వర్‌కు చేసుకోవచ్చా?

చేసుకోకూడదు. తుపాకీ ఉంచుకునే లైసెన్సు వేరు, తూటాలు తయారు చేసే లైసెన్సు వేరు. 1959 నాటి ఆయుధాల చట్టంలోని 5వ సెక్షన్ ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారు చేయడం నేరం. 2019 సవరణ తరువాత దానికి శిక్ష కనీసం 7 ఏళ్లు, గరిష్ఠంగా జీవిత ఖైదు. ఆ చట్టం తూటాల భాగాలను, వాటిని తయారు చేసే యంత్రాలను కూడా అమ్యునిషన్ నిర్వచనంలోనే చేర్చింది. అందువల్ల సెలవులకు ఇంటికి వెళ్లేటప్పుడు బావమరిదికి చూపిద్దామని ఒక డై (తూటాల ప్రెస్‌లో బిగించే ఉక్కు అచ్చు) సెట్టునో, గుర్తుగా నాలుగు ఖాళీ తొడుగులనో సూట్‌కేసులో వేసుకోవడం తెలివైన పని కాదు. రేంజికి తీసుకువెళ్లిన బ్యాగును ఎట్టి పరిస్థితిలోనూ ప్రయాణానికి వాడకండి. అడుగున కుట్టు సందులో మిగిలిపోయిన ఒక్క తూటా విమానాశ్రయంలో మిమ్మల్ని పోలీసు స్టేషను దాకా నడిపిస్తుంది.

మొదలుపెట్టడానికి .38 స్పెషల్ మంచిదని అందరూ ఎందుకు చెబుతారు?

చెప్పడానికి గట్టి కారణాలే ఉన్నాయి. దీని తొడుగు నిట్టనిలువు గోడలతో ఉంటుంది, రైఫిల్ తొడుగులా మెడ దగ్గర సన్నబడదు. కనుక కార్బైడ్ అనే చాలా గట్టి పదార్థంతో చేసిన డై వాడితే నూనె పూయకుండానే పాత కొలతకు నొక్కవచ్చు. దీని పీడనం తక్కువ: అమెరికా తయారీదారుల ప్రమాణాల సంస్థ అయిన సామీ .38 స్పెషల్‌కు గరిష్ఠంగా చదరపు అంగుళానికి 17,000 పౌన్లు నిర్ణయించగా, .357 మాగ్నమ్‌కు అది 35,000. పైగా రివాల్వర్ తన ఖాళీ తొడుగులను పిస్టల్‌లాగా పక్కవారి మీదికి విసరదు. తూటాలు ఉండే తిరిగే సిలిండర్ తెరిచి అరచేతిలోకి దులుపుకోవచ్చు. గడ్డిలో మోకాళ్ల మీద కూర్చుని ఇత్తడి ఏరుకునే బాధ తప్పుతుంది.

పేరు చూసి మోసపోవద్దు. .38 అన్నప్పటికీ దీని జాకెట్ (సీసం మీద రాగి తొడుగు ఉన్న) బుల్లెట్ వ్యాసం 0.357 అంగుళాలే, పోత సీసం బుల్లెట్ అయితే సాధారణంగా 0.358 ఉంటుంది. ‘38’ అన్నది తొడుగు వెలుపలి కొలతకు దగ్గరగా ఉన్న పాతకాలపు లెక్క. .38 ఎస్ అండ్ డబ్ల్యూ అనే మరో పాత తూటా ఉంది; పేరు దగ్గరగా ఉన్నా అది వేరు, దాని తొడుగు పొట్టిది, బుల్లెట్ లావుది, రెండూ ఒకదానికొకటి పనికిరావు.

మరి అంత సులువైతే ‘డబుల్ ఛార్జి’ (ఒకే తొడుగులో రెండుసార్లు పౌడరు పడటం) అని పాతవాళ్లు అంతగా ఎందుకు భయపెడతారు?

ఈ పేజీలో ఒక్క సమాధానం మాత్రమే చదివే ఓపిక ఉంటే ఇది చదవండి. .38 స్పెషల్‌ను స్మిత్ అండ్ వెసన్ సంస్థ 1890ల చివర రూపొందించింది. మొదట్లో దానిలో నింపింది పొగ కక్కే పాతకాలపు నల్ల పౌడరు. 158 గ్రెయిన్ల (గ్రెయిన్ అన్నది బరువు కొలత, కింద వివరించాను) బుల్లెట్ వెనుక సుమారు 21.5 గ్రెయిన్ల నల్ల పౌడరు దట్టించడానికి సరిపడేలా ఆ తొడుగు పొడవు నిర్ణయమైంది. తరువాత వచ్చిన పొగలేని పౌడరు ఎంతో శక్తిమంతమైనది, అందువల్ల ఈనాటి మామూలు లోడు, అంటే తొడుగులో పోసే పౌడరు, ఆ బరువులో ఐదో వంతు దరిదాపుల్లోనే ఉంటుంది. పౌడరు మారినా తొడుగు పొడవు మాత్రం మారలేదు.

దాని ఫలితం ఏమిటో ఊహించండి. సరైన కొలత పోసిన తొడుగులోకి తొంగిచూస్తే అడుగున ఏదో కాస్త దుమ్ము పట్టినట్టు కనిపిస్తుంది. మీరు ఏమరుపాటున అదే తొడుగులో రెండోసారి పోసినా అది పొంగదు, చిందదు, బుల్లెట్‌ను కూర్చోనివ్వకుండా అడ్డం పడదు. బుల్స్‌ఐ వంటి తక్కువ చోటు తీసుకునే పౌడర్లయితే మూడింతలు పోసినా తొడుగులో చోటు మిగులుతుంది. బుల్లెట్ బిగించాక ఆ తూటా పక్కనున్న మంచి తూటాల్లో కలిసిపోతుంది. బయటి నుంచి చూసి చెప్పలేము, తూకం వేసినా నమ్మకంగా చెప్పలేము, ఎందుకంటే తొడుగుల బరువుల్లోనూ బుల్లెట్ల బరువుల్లోనూ సహజంగా ఉండే తేడాలే ఆ నాలుగైదు గ్రెయిన్లను మింగేయగలవు. అది పేలినప్పుడు సిలిండర్ చీలి, పైనున్న ఫ్రేము పట్టీ విరిగి ఎగిరిపోయే ప్రమాదం ఉంది.

అందువల్ల ఈ విద్యలో నేర్చుకోవలసిన అసలు నైపుణ్యం చేతులది కాదు, కళ్లది. కొత్తవారికి నేను చెప్పే పద్ధతి ఇది: యాభై రంధ్రాలున్న చెక్క దిమ్మెలో తొడుగులన్నిటినీ ముందు బోర్లించి ఉంచండి, ఒక్కొక్కటే తీసి, వెల్లకిలా తిప్పి, పౌడరు పోసి, వేరే దిమ్మెలో పెట్టండి, బోర్లా ఉన్న తొడుగులో ముందే పౌడరు ఉండే వీలు లేదు. యాభై నిండాక ఒక్క బుల్లెట్ కూడా పెట్టకముందే చిన్న టార్చిలైటుతో అన్నిటిలోకీ వరుసగా చూడండి. పప్పుల డబ్బాలు వరసగా పెట్టి చూస్తే ఏది నిండుగా ఉందో, ఏది వెలితిగా ఉందో ఒక్క చూపుకే తెలిసినట్టు, ఎక్కువైనదీ ఖాళీదీ రెండూ కంటికి తగులుతాయి. పౌడరు ఎంచుకునేటప్పుడు కూడా తక్కువ బరువుకు ఎక్కువ చోటు ఆక్రమించే రకం తీసుకుంటే ఆ చూపుకు సాయపడుతుంది.

నా మొదటి ఏడాదిలో ఒకసారి పౌడరు పోస్తుండగా ఫోను మోగింది, ఎత్తి రెండు నిమిషాలు మాట్లాడాను. తిరిగి వచ్చి టార్చి వేసి చూస్తే మూడో వరుసలో ఒక తొడుగు పూర్తిగా ఖాళీ. రెండోసారి పోయకపోవడం నా అదృష్టమే గాని, ఆ రోజు నుంచి ఫోను వేరే గదిలో ఉంటుంది. మధ్యలో లేవవలసి వస్తే దిమ్మెలోని పౌడరంతా డబ్బాలోకి వంపి, మొదటి తొడుగు నుంచి మళ్లీ మొదలుపెడతాను.

ఏ యంత్రం కొనాలి? గంటకు వందల తూటాలు చేసే ప్రోగ్రెసివ్ ప్రెస్ ఒకేసారి కొనేస్తే పోలేదా?

డబ్బు ఉన్నా వద్దు. ప్రోగ్రెసివ్ ప్రెస్‌లో ఒక్కసారి పిడి లాగితే నాలుగైదు పనులు ఏకకాలంలో నాలుగైదు తొడుగుల మీద జరుగుతాయి; ప్రతి దశలో తప్పు ఎలా ఉంటుందో చేత్తో ఎరిగినవారికే అది తగిన సాధనం. సింగిల్ స్టేజ్ ప్రెస్‌లో ఒకసారికి ఒకే డై, ఒకే పని. యాభై తొడుగులకు ఒక పని పూర్తి చేసి, డై మార్చి, మళ్లీ అవే యాభైకి రెండో పని చేస్తారు. నిదానమే దాని గుణం. రెండింటికీ నడుమ టరెట్ ప్రెస్ ఉంది. డైలన్నీ పైన ఒక చక్రంలో బిగించి ఉంటాయి కనుక విప్పి బిగించే శ్రమ తగ్గుతుంది, పని మాత్రం ఒక్క తొడుగు మీదే సాగుతుంది. కొంత అలవాటయ్యాక ఎక్కువమంది రివాల్వర్ షూటర్లకు అది చాలు. లీ, ఆర్‌సీబీఎస్, లైమన్, హార్నడీ సంస్థల సామాను ఏ పెద్ద దుకాణంలోనైనా దొరుకుతుంది. వాడిన ప్రెస్ కొనడంలో నష్టం లేదు, పోత ఇనుము అంత తొందరగా అరగదు. కాని వాడిన త్రాసు, మూత తీసిన పౌడరు డబ్బా మాత్రం ఎవరిచ్చినా తీసుకోవద్దు. డబ్బాలో ఉన్నది చీటీ మీద ఉన్న పౌడరేనని మీకు హామీ ఇవ్వగలవారు ఎవరూ లేరు.

ప్రెస్ కాక మూడు కార్బైడ్ డైల సెట్టు, తొడుగు అంచును పట్టుకునే షెల్ హోల్డర్, త్రాసు, దాన్ని సరిచూసే తూకపు రాళ్లు, పౌడరు కొలపాత్ర, పొడవు కొలిచే కాలిపర్, తప్పు తూటాలను విప్పే బుల్లెట్ పుల్లర్, కళ్లద్దాలు కావాలి. వీటన్నిటికంటే ముందు కొనవలసింది అచ్చువేసిన లోడింగ్ మాన్యువల్. యంత్రం కొన్నాక చదవడం కాదు, చదివాక యంత్రం కొనాలి.

గ్రెయిన్ అంటే ఎంత? పౌడరు గింజా?

ఈ పొరపాటు చాలామంది పడతారు. ఇక్కడ గ్రెయిన్ అన్నది గింజల లెక్క కాదు, బరువు. ఒక పౌనులో 7,000 గ్రెయిన్లు. ఒక గ్రెయిన్ సుమారు 65 మిల్లీగ్రాములు. మన ఇళ్లలో బంగారం లెక్క తెలిసినవారికి దీన్ని చెప్పడం తేలిక: ఇంగ్లీషువారి కాలంలో తులాన్ని సరిగ్గా 180 గ్రెయిన్లుగా స్థిరపరిచారు, అంటే 11.66 గ్రాములు. కనుక .38 స్పెషల్‌లో వాడే 158 గ్రెయిన్ల బుల్లెట్ ఆ పాత తులానికి కొంచెం తక్కువ. కంసాలి త్రాసులో తూచే గురిగింజ రెండు గ్రెయిన్లకు కాస్త తక్కువ తూగుతుంది. మాన్యువల్‌లో కనీస లోడుకూ గరిష్ఠ లోడుకూ మధ్య తేడా చాలా సందర్భాల్లో అర గ్రెయిన్ నుంచి ఒక గ్రెయిన్ లోపే, అంటే సగం గురిగింజ. వంటింటి డిజిటల్ త్రాసు గ్రామును పట్టుకుంటుంది, అంటే పదిహేను గ్రెయిన్లను. ఈ పనికి అది బొత్తిగా పనికిరాదు. గ్రెయిన్‌లో పదో వంతును చూపే త్రాసు కావాలి. ప్రతిసారీ మొదలుపెట్టే ముందు దాన్ని తూకపు రాయితో సరిచూడాలి, ఫ్యాను ఆపివేయాలి.

ఏ పౌడరు ఎన్ని గ్రెయిన్లు వేయాలో ఇక్కడే రాస్తే సరిపోయేది కదా?

కావాలనే రాయలేదు. లోడు అంటే ఒక్క అంకె కాదు. ఫలానా పౌడరు, ఫలానా బుల్లెట్, ఫలానా బరువు, ఫలానా ప్రైమర్, ఫలానా మొత్తం పొడవు అన్నీ కలిసిన ఒక కూర్పు. అందులో ఒకటి మార్చినా పీడనం మారుతుంది. నేను ఒక అంకె రాస్తే ఎవరో దాన్ని కాగితం మీద రాసుకుని, పేరులో ఒక్క అక్షరం తేడా ఉన్న మరో పౌడరుకు వాడవచ్చు. పౌడరు తయారీదారు, బుల్లెట్ తయారీదారు ప్రయోగశాలలో పీడనం కొలిచి ప్రచురించిన పట్టికలే ప్రమాణం. వీలైతే రెండు పట్టికలు సరిచూసుకుని, కనీస లోడుతో మొదలుపెట్టి, కొద్దికొద్దిగా పైకి వెళ్లాలి. రేంజిలో పక్క బల్ల మీది పెద్దమనిషి ఎంత ఆప్యాయంగా చెప్పినా అది పట్టికలో లేకపోతే వాడవద్దు.

కనీసం కంటే ఇంకా తగ్గిస్తే మరింత క్షేమం అనుకోవడం కూడా పొరపాటే. మరీ తక్కువైతే బుల్లెట్ గొట్టం మధ్యలో చిక్కుకుపోవచ్చు. మాగ్నమ్ లోడ్లకు వాడే హెచ్110, 296 పౌడర్ల విషయంలో ప్రచురించిన లోడును 3 శాతానికి మించి తగ్గించవద్దని తయారీదారే హెచ్చరిస్తుంది. కొత్తవారు ఆ రెండింటి జోలికి మొదటి ఏడాది వెళ్లకపోవడమే మేలు.

ఒక తూటా తయారయ్యే క్రమం ఎలా ఉంటుంది?

పేల్చిన తొడుగులను ముందు ఒక్కొక్కటే పరిశీలించి, మూతి దగ్గర చీలినవాటిని, అడుగున ఉబ్బినవాటిని పక్కన పడేయాలి. మిగిలినవాటిని టంబ్లర్ అనే తిరిగే డబ్బాలో మొక్కజొన్న కండె పొట్టుతోనో, అక్రోటు పెంకు పొడితోనో శుభ్రం చేస్తారు. మొదటి డై తొడుగును కొలతకు నొక్కుతూ, నడుమనున్న సూదితో పాత ప్రైమర్‌ను బయటకు తోస్తుంది. రెండో డై మూతిని వెంట్రుకవాసి వెడల్పు చేస్తుంది. ఇది లేకపోతే బుల్లెట్ దిగేటప్పుడు అంచు దాని సీసాన్ని చెక్కేస్తుంది, ఎక్కువైతే ఇత్తడి తొందరగా చీలిపోతుంది. ఆ తరువాత కొత్త ప్రైమర్ కూర్చోబెట్టి, వేలి కొనతో తడిమి చూడాలి: అది తొడుగు అడుగుతో సమంగా గాని, ఇంకాస్త లోపలికి గాని ఉండాలి. పైకి పొడుచుకు వచ్చిన ప్రైమర్ రివాల్వర్‌లో వెనుక పలకకు రాసుకుని సిలిండర్‌ను తిరగనివ్వదు. పౌడరు పోసి, పైన చెప్పిన టార్చి పరీక్ష అయ్యాక, మూడో డై బుల్లెట్‌ను దింపి మూతిని బిగిస్తుంది. ఆఖరున ప్రతి తూటాను, ఖాళీ చేసిన మీ రివాల్వర్ సిలిండర్‌లోకి వదిలి చూస్తే, అది దాని బరువుకే జారి దిగాలి. ఈ పరీక్ష రేంజి బల్ల దగ్గర కాకుండా ఇంట్లో చేసేటట్టయితే, గొట్టం పక్కకు తిరిగి ఉండేలా సిలిండర్‌ను తెరిచే ఉంచి చేయాలి, మూయకూడదు.

రివాల్వర్ తూటాలకు క్రింప్ (బుల్లెట్ చుట్టూ తొడుగు మూతి బిగింపు) గురించి అంత పట్టింపు ఎందుకు?

రివాల్వర్ పేలినప్పుడు అది వెనక్కి తన్నుతుంది. సిలిండర్‌లో ఇంకా పేలని మిగతా తూటాల తొడుగులు తుపాకీతో పాటు వెనక్కి వెళ్తాయి, కాని బరువైన బుల్లెట్ ఉన్నచోటే ఉండాలని చూస్తుంది. బస్సు ఒక్కసారిగా ముందుకు దూకినప్పుడు నిలబడ్డ మనం వెనక్కి తూలినట్టే ఇదీ. బిగింపు చాలకపోతే బుల్లెట్లు దెబ్బ దెబ్బకూ కొంచెం ముందుకు జరిగి, సిలిండర్ ముందు భాగం నుంచి పొడుచుకు వచ్చి, ఫ్రేముకు తగిలి తుపాకీని స్తంభింపజేస్తాయి. తేలికపాటి రివాల్వర్లలో, బరువైన లోడ్లతో ఇది తరచుగా జరుగుతుంది. అందుకే రివాల్వర్ బుల్లెట్ల నడుమున ఒక గాడి ఉంటుంది. తొడుగు మూతిని ఆ గాడిలోకి లోపలికి మడిచి బిగించడాన్ని రోల్ క్రింప్ అంటారు. గాడి లేని బుల్లెట్ మీద అలా మడిస్తే తొడుగే నడుం వంగి లావెక్కుతుంది. మీ బిగింపు చాలిందో లేదో తెలుసుకోవాలంటే ఒక తూటాకు గుర్తు పెట్టి, పొడవు కొలిచి, సిలిండర్‌లో చివరిదిగా ఉంచి, మిగతావి పేల్చాక దాన్ని తీసి మళ్లీ కొలవండి. పొడవు పెరగకపోతే మీ డై సరిగ్గా అమరినట్టే.

.357 మాగ్నమ్ రివాల్వర్‌లో .38 స్పెషల్ వాడవచ్చంటారు. మరి తొడుగులు కలిపేయవచ్చా?

వాడవచ్చు, కాని ఎదురు దిశలో కుదరదు. 1935లో .357 మాగ్నమ్ వచ్చినప్పుడు దాని తొడుగును .38 కంటే సుమారు 3.4 మిల్లీమీటర్లు పొడవు చేసింది అది పాత .38 రివాల్వర్లలో దూరకుండా ఉండాలనే. అందువల్ల ఇత్తడి తొడుగులను వేరు వేరు డబ్బాల్లో ఉంచి, అడుగున ఉన్న ముద్ర చదివి ఏరుకోవాలి. .38 తొడుగులో .357 లోడు వేయడం ఎట్టి పరిస్థితిలోనూ తగదు, ‘నా తుపాకీ.357యే కదా’ అనుకున్నా, ఆ తూటా ఏదో ఒకరోజు మీ అన్నగారి పాత .38లోకి చేరవచ్చు. .357లో పొట్టి .38 తూటాలు ఎక్కువగా కాల్చితే సిలిండర్ గదుల్లో మసి ఉంగరంలా పేరుకుంటుంది. పొడవాటి తూటాలు వేసేముందు దాన్ని బ్రష్షుతో తుడవాలి.

పేల్చినప్పుడు ‘టప్’ అని చిన్న చప్పుడు మాత్రమే వస్తే?

వెంటనే ఆగాలి. పౌడరు లేని తూటాలో ప్రైమర్ ఒక్కటే బుల్లెట్‌ను గొట్టంలోకి కొంత దూరం నెట్టగలదు. ఆ అడ్డు ఉండగా మరొకటి పేలిస్తే గొట్టం ఉబ్బుతుంది, లేదా పగులుతుంది. తుపాకీ గురివైపే ఉంచి, అర నిమిషం ఆగి, సిలిండర్ తెరిచి ఖాళీ చేసి, గొట్టంలో ఒక చివర నుంచి మరొక చివరకు వెలుగు కనిపిస్తున్నదో లేదో చూడాలి. రివాల్వర్‌లో ఒక చిక్కు ఏమిటంటే, పిస్టల్‌లా అది దానంతటది ఆగిపోదు. మళ్లీ ట్రిగ్గర్ లాగితే తరువాతి తూటా సిద్ధంగా వచ్చేస్తుంది. వేగంగా కాల్చే అలవాటు ఉన్నవారు సొంత తూటాల మొదటి విడతలను ఒక్కొక్కటే చెవిపెట్టి వింటూ కాల్చడం అందుకే అవసరం.

దీనివల్ల నిజంగా డబ్బు ఆదా అవుతుందా?

తూటాకు అయ్యే ఖర్చు తగ్గుతుంది. మొత్తం ఖర్చు తగ్గుతుందని మాత్రం ఇంట్లో మాట ఇవ్వకండి, ఎందుకంటే తూటాలు చవకైతే కాల్చేవి పెరుగుతాయి. లెక్క కోసం మాత్రమే, లోడు సూచనగా కాదు, ఒక్కో తూటాకు 4 గ్రెయిన్లు అనుకుంటే ఒక పౌను పౌడరుతో 1,750 తూటాలు వస్తాయి. కాబట్టి పౌడరు ఖర్చు స్వల్పం. భారమంతా బుల్లెట్ మీద, ప్రైమర్ మీద ఉంటుంది. తక్కువ పీడనంతో కాల్చే .38 తొడుగు ఎన్నోసార్లు తిరిగి పనికొస్తుంది, చివరకు మూతి దగ్గర చీలి తన రిటైర్మెంటు తనే ప్రకటిస్తుంది.

ఇంట్లో పిల్లలు ఉన్నారు. సామాను ఎక్కడ పెట్టాలి? సీసం సంగతి ఏమిటి?

అమెరికాలో విస్తృతంగా అనుసరించే, అగ్నిప్రమాద నివారణ సంస్థ అయిన ఎన్‌ఎఫ్‌పీఏ ప్రమాణం ప్రకారం ఇంట్లో పొగలేని పౌడరును దాని అసలు డబ్బాల్లోనే 20 పౌన్ల వరకు ఉంచవచ్చు; ప్రైమర్లయితే 10,000 వరకు. స్థానిక నియమం అంతకంటే తక్కువగా ఉంటే అదే వర్తిస్తుంది. పౌడరును బిగించిన ఇనుప పెట్టెలో దాచడం క్షేమమని అనిపిస్తుంది గాని, మంటలు వస్తే ఆ పెట్టెయే బాంబులా మారుతుంది. వాయువుల ఒత్తిడి తేలికగా బయటపడే చెక్క బీరువా, తాళంతో, పొయ్యికీ గీజరుకూ దూరంగా ఉండాలి. ప్రైమర్లను వచ్చిన అట్టపెట్టెల్లోనే ఉంచాలి. సీసాలో కుమ్మరించి పోస్తే ఒకటి పేలితే అన్నీ పేలతాయి.

సీసం గురించి మనవాళ్లు బుల్లెట్‌నే అనుమానిస్తారు, కాని మామూలు ప్రైమర్లలోనూ సీసపు రసాయనం ఉంటుంది, పేలాక ఆ మసి తొడుగులో మిగులుతుంది. టంబ్లర్ పొట్టు జల్లించేటప్పుడు లేచే సన్నని ధూళి అన్నిటికంటే చెడ్డది. ఆ పని ఆరుబయట, మాస్కు పెట్టుకుని చేయాలి. గర్భిణులు, చిన్నపిల్లలు దగ్గర ఉండకూడదు. డైనింగ్ టేబుల్ మీద రీలోడింగ్ చేయకండి, వంటింటి జల్లెడ, గరిటె తెచ్చుకోకండి, పని మధ్యలో కాఫీ తాగకండి. చేతులు సబ్బుతో కడుక్కున్నాకే ఇంట్లోకి, బట్టలు విడిగా ఉతకాలి.

నేను చేసినవి స్నేహితులకు అమ్మవచ్చా? విమానంలో తీసుకువెళ్లవచ్చా?

అమ్మకం కోసం చేయాలంటే తూటాల తయారీదారుగా ఫెడరల్ లైసెన్సు తీసుకోవాలి. ఊరికే ఇవ్వడాన్ని కూడా నేను ఒప్పుకోను. మీ తప్పు మీ చేతిలోనే పేలాలి, మరొకరి చేతిలో కాదు. విమానం విషయానికి వస్తే పౌడరు, ప్రైమర్లు ఏ బ్యాగులోనూ అనుమతించరు. తయారైన తూటాలను అమెరికా లోపలి ప్రయాణాల్లో, తగిన పెట్టెలో, చెక్-ఇన్ సామానులో మాత్రమే, ఆ విమాన సంస్థ పెట్టిన బరువు పరిమితికి లోబడి తీసుకువెళ్లవచ్చు.

తప్పు చేశానని అనుమానం వచ్చిన తూటాలను ఏం చేయాలి?

కాల్చి చూద్దాం అనుకోవద్దు. బుల్లెట్ పుల్లర్ అనేది సుత్తి ఆకారంలో ఉండే బోలు పరికరం; తూటాను అందులో బిగించి, కళ్లద్దాలు పెట్టుకుని, చెక్క మొద్దు మీద నాలుగైదు దెబ్బలు కొడితే బుల్లెట్, పౌడరు దాని కడుపులోకి రాలతాయి. క్రింప్‌ను పరీక్షించే తన్నుడు ఎలాంటిదో ఇదీ అలాంటిదే, దిశ మాత్రం మన చేతిలో ఉంటుంది. అంచులో ప్రైమర్ మందు ఉండే .22 రిమ్‌ఫైర్ తూటాలను ఇందులో పెట్టకూడదు. విప్పిన బుల్లెట్లు తిరిగి పనికొస్తాయి. రెండు రకాలు కలిసిందన్న అనుమానం ఉన్న పౌడరును మాత్రం డబ్బాలోకి తిరిగి పోయకుండా, పెరట్లో గడ్డి మీద పలచగా చల్లేస్తారు. ఒక్క తూటా మీద అనుమానం వచ్చినా ఆ విడత యాభై విప్పండి. గంట పడుతుంది, మణికట్టు నొప్పి పుడుతుంది.